బండికీ ఒక గది కావాలి: ఐల్ ఆఫ్ మ్యాన్‌లో పాత బోనవిల్, కొత్త ఇంటర్‌సెప్టర్

ఇంగ్లండ్‌లోని హీషమ్ రేవులో, ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపానికి ఓడ ఎక్కే వరుసలోకి చేరేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. మాకు ముందు పదిహేను బైకులున్నాయి, అన్నీ కొత్తవే. మా బావ తన బండి మీద కూర్చుని ఒక్క మీట నొక్కి ముందుకు జరుగుతున్నాడు. వరుస పదడుగులు కదిలినప్పుడల్లా నేను మాత్రం దిగి తోసుకుంటున్నాను. ఇంజన్ ఆపితే మళ్ళీ కిక్ కొట్టాలి. ఆపకుండా వదిలేస్తే నిలబడిన చోటే వేడెక్కుతుంది. "ఏరా, ఈ వయసులో ఆ బండికి ఇంత ప్రయాణం అవసరమా?" అన్నాడు బావ. అవసరమే. నేను ఆ ద్వీపానికి బయల్దేరిందే ఆ బండి కోసం.

నాది 1969 నాటి ట్రయంఫ్ బోనవిల్ టీ120. 650 సీసీ, రెండు సిలిండర్లు. గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. అదే ఏడాది ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ (టూరిస్ట్ ట్రోఫీ) పోటీల్లో, అంటే ద్వీపంలోని మామూలు రోడ్ల మీదే జరిగే బైకు రేసుల్లో, ప్రొడక్షన్ రేసులో మాల్కమ్ అప్‌హిల్ బోనవిల్ మీద గంటకు 100.37 మైళ్ళ సగటుతో ఒక చుట్టు పూర్తి చేశాడు. షోరూములో అమ్మే రకం బండి ఆ కోర్సులో, అంటే ఆ రేసు దారిలో, 100 మైళ్ళ సగటు దాటడం అదే మొదటిసారి. ఆ రేసులో వాడిన డన్‌లప్ టైరుకు ఆ తర్వాత టీటీ100 అని పేరు పెట్టారు. నా బండికి వేసుకున్నదీ ఆ పేరున్న టైరే. దాన్ని ఒక్కసారైనా ఆ రోడ్డు మీద నడపాలని బండి కొన్న రోజు నుంచీ కోరిక.

బావది రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650. ఆ పేరు 1960ల్లో ఇంగ్లండ్‌లో తయారైన బండిది. ఇప్పటి బండి మాత్రం తమిళనాడులో తయారై ఇంగ్లండ్ వస్తోంది. ఫ్యూయల్ ఇంజెక్షన్, ఏబీఎస్ ఉన్నాయి. చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ, వాటికి కావలసినవి పూర్తిగా వేరు. నాలుగు రోజుల్లో నాకు బాగా తెలిసొచ్చింది ఇదే: బస చూసుకునేటప్పుడు మనకు మంచం ఎలా ఉందో చూసినట్టే, బండికి చోటు ఎలా ఉందో కూడా చూసుకోవాలి.

ముందు ఓడ సంగతి. ద్వీపానికి ఓడలు నడిపే స్టీమ్ ప్యాకెట్ కంపెనీ 1830 నుంచీ ఉంది. హీషమ్ నుంచి ద్వీపం రాజధాని డగ్లస్‌కు దాదాపు మూడు గంటల నలభై ఐదు నిమిషాలు. వేసవిలో లివర్‌పూల్ నుంచి ఇంకా వేగంగా వెళ్ళే ఓడ ఉంటుంది. బైకుల విషయంలో ఇక్కడి పనివాళ్ళ చేతికి అలవాటు బాగా ఉంది. సీటు మీద మెత్త వేసి, పైనుంచి పట్టీ బిగించి, బండి ఊగకుండా కట్టేస్తారు. బండి గేరులో ఉంచమంటారు. పాత బండివాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: పెట్రోల్ ట్యాప్ కట్టేయండి. ఓడ ఊగుడుకి కార్బురేటర్ పొంగితే కింద డెక్ అంతా పెట్రోల్ వాసన వస్తుంది, ఉదయం బండి స్టార్టూ కాదు. డబ్బు మిగులుతుందని మేం క్యాబిన్ తీసుకోలేదు, కుర్చీల్లోనే కూర్చున్నాం. అది తప్పు. తెల్లవారుజామున దిగి, నిద్రలేని కళ్ళతో తెలియని రోడ్డు మీద బండి నడపడం మంచిది కాదు. వచ్చేటప్పుడు క్యాబిన్ తీసుకున్నాం, ఆ డబ్బుకు తగిన సుఖం దొరికింది.

మొదటి రెండు రాత్రులు డగ్లస్‌లో, సముద్రం ఎదుట వరుసగా నిలబడి ఉండే పాత భవనాల్లో ఒక గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. పేరు రాయను. గది శుభ్రంగా ఉంది, కిటికీలోంచి సముద్రం మొత్తం కనిపిస్తుంది, పొద్దున టిఫిన్ కడుపునిండా పెట్టారు. కానీ బుకింగ్‌లో 'బైకులకు భద్రమైన పార్కింగ్' అని రాసిన చోటు చూస్తే ప్రాణం ఉసూరుమంది. వెనక సందులో, ఏటవాలుగా, గులకరాళ్ళు పోసిన జాగా. గేటు లేదు. సైడ్ స్టాండ్ వేస్తే రాళ్ళలోకి దిగిపోతోంది. బావ ఎక్కడి నుంచో ఒక చెక్కముక్క తెచ్చి స్టాండ్ కింద పెట్టాడు. ఆ రాత్రి వాన మొదలైంది. నేను రెండుసార్లు లేచి కిందికి వెళ్ళి బండి నిలబడే ఉందా అని చూసొచ్చాను. తడిసిన జాకెట్లు, గ్లవ్స్ ఆరేసుకోవడానికి స్నానాల గది తప్ప చోటు లేదు. మర్నాడు వాటిని తడిగానే తొడుక్కున్నాం. కారులో వచ్చేవాళ్ళకు ఆ గెస్ట్‌హౌస్‌లో వంక పెట్టడానికి ఏమీ ఉండదు. బైకు మీద వచ్చేవాళ్ళు మాత్రం బుక్ చేసే ముందు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: నేల గట్టిదా, పైన కప్పు ఉందా, తడి బట్టలు ఆరేసే చోటుందా?

మూడో రోజుకు కర్క్ మైకేల్ దాటాక ఒక రైతు ఇంటికి మారాం. గదులు చిన్నవి, మెట్లు ఇరుకు, ఫోన్ సిగ్నల్ సరిగా లేదు. అయినా నా వరకు ద్వీపంలో అదే ఉత్తమమైన బస. సిమెంటు నేల ఉన్న కొట్టంలో రెండు బైకులూ పెట్టించారు. ఇంటాయన నా బండిని ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా ఇంజన్ కింద ఒక పాత రేకు పళ్ళెం పెట్టారు. పాత బండి యజమానికి అంతకంటే మర్యాద ఏముంటుంది? గుమ్మం పక్కనే బూట్లు, జాకెట్లు ఆరేసే వెచ్చని గది కూడా ఉంది. కొట్టంలో ఒక మూల పెడల్స్ ఉన్న మోపెడ్ కనబడింది. లూనా, టీవీఎస్ ఫిఫ్టీ చూసి పెరిగిన మేమిద్దరం దాని చుట్టూ తిరగడం చూసి ఆయన ముచ్చటపడ్డారు.

మోపెడ్ అంటే గుర్తొచ్చింది. 1962 నుంచి 1968 వరకు ఈ కోర్సు మీదే 50 సీసీ రేసు కూడా జరిగేది. మొదటి ఏడాది ఎర్న్‌స్ట్ డెగ్నర్, మరుసటి ఏడాది మిత్సువో ఇతో, ఇద్దరూ సుజుకీల మీద గెలిచారు. టీటీ గెలిచిన తొలి జపాన్ రైడర్ ఇతో. నా మనసులో నిలిచింది మాత్రం ఆ 1962 రేసులో 22వ స్థానంలో వచ్చిన బెరిల్ స్వెయిన్. టీటీలో సోలో బైకు నడిపిన తొలి మహిళ ఆమె. ఇటామ్ అనే చిన్న ఇటాలియన్ బండి మీద ఈ కోర్సులోని కొండ ఎక్కింది. ఆ తర్వాత ఆమెకు పోటీ లైసెన్సు లేకుండా చేశారు. 50 సీసీ బండితో ఆ ఎత్తు ఎక్కడం అంటే ఏమిటో, 650 సీసీ బండి కూడా రొప్పడం చూశాక నాకు అర్థమైంది.

ఇక అసలు రోడ్డు. చుట్టు మొత్తం 37.73 మైళ్ళు, అంటే దాదాపు 60.7 కిలోమీటర్లు. అంతా మామూలు జనం తిరిగే రోడ్డే. పోటీలు లేని రోజుల్లో ఎవరైనా వెళ్ళొచ్చు, టికెట్ లేదు. డగ్లస్‌లో గ్రాండ్‌స్టాండ్ ముందు మొదలై, బ్రే హిల్ దిగి, క్రాస్‌బీ, గ్లెన్ హెలెన్, కర్క్ మైకేల్, బల్లా, సల్బీ మీదుగా రామ్సీ చేరి, అక్కడి నుంచి కొండ ఎక్కి మళ్ళీ డగ్లస్‌కు దిగుతుంది. ఊళ్ళలో వేగపరిమితులుంటాయి, పోలీసులు గట్టిగానే చూస్తారు. ఊళ్ళు దాటాక చాలాచోట్ల పరిమితే లేదు. పరిమితి లేదన్నంత మాత్రాన గేరు పెంచేయకండి. గోడలు, ఇళ్ళు, దీపస్తంభాలు రోడ్డుకు ఆనుకునే ఉంటాయి. ఈ కోర్సు మీద ఇప్పటిదాకా 250 మందికి పైగా రైడర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దారి పొడవునా వాళ్ళ గుర్తుగా పలకలు కనిపిస్తాయి. ఒకచోట ఆగి తాజాగా పెట్టిన పూలు చూశాక మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

2023లో పీటర్ హిక్‌మన్ ఇదే చుట్టును గంటకు 136.358 మైళ్ళ సగటుతో, పదిహేడు నిమిషాల లోపే పూర్తి చేశాడు. మాకు ఆగుతూ, చూస్తూ, మూడున్నర గంటలు పట్టింది. బల్లా వంతెన దగ్గర రేసు బైకులు రెండు చక్రాలూ గాల్లోకి లేపి దూకుతాయి. మేం ఇరవై మైళ్ళ వేగంతో దాటితేనే కడుపులో ఏదో కదిలినట్టయింది. పక్కన గోడ మీద కూర్చుని వచ్చేపోయే బండ్లను చూస్తూ గంట గడిపాం. ద్వీపం మొత్తం మీద ఒక్కచోటే ఆగే వీలుంటే అక్కడే ఆగమంటాను.

రామ్సీలో పార్లమెంట్ స్క్వేర్ దగ్గర మలుపు తిరుగుతుంటే నా చేతిలో క్లచ్ లివర్ ఒక్కసారిగా వదులైపోయింది. కేబుల్ చివర ఉండే లోహపు గుండు ఊడిపోయింది. తప్పు నాదే. బయల్దేరే ముందు కేబుల్‌కు నూనె వెయ్యాలని అనుకుంటూ వాయిదా వేశాను, అదనపు కేబుల్ కూడా ఇంట్లోనే మర్చిపోయాను. ఎదురుగా హెయిర్‌పిన్ మలుపు, ఆ తర్వాత కొండ. క్లచ్ లేకుండా ఎక్కే పనికాదు. పెట్రోల్ బంకులో అడిగితే రెండు వీధుల అవతల ఉన్న చిన్న వర్క్‌షాపు చూపించారు. అక్కడి పెద్దాయన కేబుల్ చివర పోగులు విప్పి, కొత్త గుండు తొడిగి, సోల్డర్ పోసి, ఆకురాయితో నున్నగా రుద్ది ఇచ్చారు. నలభై నిమిషాల పని. కొత్త మోడళ్ళ డీలరు దగ్గరైతే పార్ట్ తెప్పించాలి, వారం పడుతుంది అనేవారు. ఈ ద్వీపంలో పాత బండి పని తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి, అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. అయినా సొంత కేబుల్ తెచ్చుకోండి. ఇంకో మాట, మీ బ్రేక్‌డౌన్ కవర్ (దారిలో బండి ఆగిపోతే ఆదుకునే ఏర్పాటు) ఇంగ్లండ్ వరకేనా, ద్వీపంలో కూడా పనిచేస్తుందా అన్నది ముందే రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి.

కొండ మీదికి ఎక్కేసరికి పొగమంచు దిగింది. సముద్రదేవుడు మనానన్ తన దుప్పటి కప్పి ద్వీపాన్ని దాచేస్తాడని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ముందున్న బావ వెనక దీపం తప్ప నాకేమీ కనబడలేదు. ఇక్కడ కొత్త బండి విలువ ఒప్పుకోవాలి. తడి రోడ్డు మీద ఏబీఎస్ ఉన్న బండి, కళ్ళు చెదిరే హెడ్‌లైటు, తడబడని ఇంజన్. నా డ్రమ్ము బ్రేకుల్లోకి తేమ చేరి, లివర్ పట్టిన క్షణానికి కాక కాసేపటికి పట్టుకుంటున్నాయి. బంగ్లా అనే చోట, కొండరైలు పట్టాలు రోడ్డును దాటే దగ్గర ఆగాం. మంచులోనే జోయీ డన్‌లప్ విగ్రహం దగ్గరికి నడిచాం. హోండా మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తుంటాడు. 1977 నుంచి 2000 దాకా 26 టీటీలు గెలిచిన మనిషి. ఆఖరి మూడు గెలుపులు 48 ఏళ్ళ వయసులో, ఒకే వారంలో. అదే ఏడాది ఎస్టోనియాలో రేసులో పోయాడు. వ్యాన్ నిండా సాయం సామాను వేసుకుని తనే నడుపుకుంటూ రుమేనియాలోని అనాథాశ్రమాలకు వెళ్ళేవాడట.

మర్నాడు ఎండ కాసింది, అదే కొండ మళ్ళీ ఎక్కాం. ఈసారి నా వంతు. తారు పొడిగా ఉంది, బోనవిల్ మూడో గేరులో హాయిగా లాగుతోంది. వెరాండా మలుపుల్లో వరుసగా నాలుగు కుడివైపు వంపులు, ఎడమన లోయ, దూరంగా సముద్రం. క్రెగ్-నీ-బా వైపు దిగేటప్పుడు ఇంజన్ చప్పుడు గోడలకు తగిలి తిరిగొచ్చింది. వెనక నుంచి బావ రెండుసార్లు హారన్ కొట్టాడు. కిందికి దిగాక "ఒక్కసారి నాకివ్వరా" అన్నాడు. ఇన్సూరెన్స్‌లో తన పేరు లేదు, పైగా గేరు కుడికాలికి. ఇవ్వలేదు. అది మాత్రం నాకు ఇప్పటికీ బాధే. వెళ్ళేముందే ఇద్దరి పేర్లూ రాయించుకోవలసింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. జర్బీలోని మోటార్ మ్యూజియం వానరోజుకు దాచుకోండి, పూట పూర్తిగా పడుతుంది. పీల్ ఊరు డగ్లస్ కంటే ప్రశాంతం. మూడు చక్రాల బుల్లి కారు పీ50 తయారైంది అక్కడే, 1960ల్లో. దాన్ని లాగేది 49 సీసీ ఇంజన్, అంటే మోపెడ్ ఇంజనే. వెనక్కి వెళ్ళే గేరు లేదు, చేత్తో ఎత్తి తిప్పుకోవాలి. కాజిల్‌టౌన్ రోడ్డులో ఫెయిరీ బ్రిడ్జ్ దాటేటప్పుడు రైడర్లంతా అక్కడి దేవతలకు నమస్కారం చెబుతారు. మేమూ హెల్మెట్లు వంచి చెప్పాం.

ఎప్పుడు వెళ్ళాలంటే, మే చివర, జూన్ మొదట్లో రేసుల రెండు వారాలు చూసి తీరాల్సినవే. కానీ ఓడ టికెట్లు చాలా నెలల ముందే అయిపోతాయి, హోటళ్ళు నిండిపోతే ఊరివాళ్ళు తమ ఇళ్ళలోనే గదులిస్తారు. రోడ్లు మూసినప్పుడు కోర్సు లోపల ఉన్నవాళ్ళు బయటికి రావడం కష్టం కాబట్టి, బస ఏ వైపు ఉందో మ్యాపులో చూసుకోవాలి. కొండ రోడ్డు ఆ రోజుల్లో రామ్సీ నుంచి డగ్లస్ వైపు ఒకే దిశ. సొంత బండి, అందులోనూ పాతది, తనివితీరా నడపాలనుకుంటే సెప్టెంబరులో వెళ్ళండి. మేం వెళ్ళింది అప్పుడే.

హీషమ్‌లో దిగి మొదటి బంకులో పెట్రోల్ పోయించుకుని మ్యాంక్స్ పౌండ్ నోటు, అంటే ద్వీపం సొంత నోటు, ఇస్తే తీసుకోలేదు. ద్వీపంలో ఒక పౌండ్ కాగితం నోటు ఇంకా చెలామణిలో ఉంది, ఇంగ్లండ్‌లో మాత్రం చెల్లదు. బావ కార్డు ఇచ్చి, ఆ నోటును మడిచి నా ట్యాంకు బ్యాగులో మ్యాపు కింద పెట్టాడు. "వచ్చే ఏడాది ఇన్సూరెన్స్‌లో నా పేరు రాయించు" అని తన బండి మీట నొక్కాడు. నేను ట్యాప్ తెరిచి, కార్బురేటర్‌లోకి కాస్త పెట్రోల్ పొంగించి, కిక్ కొట్టాను. రెండో కిక్కుకు అందుకుంది.