112కి ఫోన్ చేస్తే నిజంగా వస్తారా? మా కాలనీ అనుభవం

ముందే చెప్పేస్తున్నా, ఎమర్జెన్సీ నంబర్ 112కి కొడితే పోలీసులూ, అంబులెన్సూ వస్తారు. తొందరగానే వచ్చారు. నా బాధంతా వాళ్లు వచ్చి వెళ్లిపోయాక జరిగిన దాని గురించే.

మా కాలనీ చివర మలుపులో మోరీ మీద మూత లేదు, పైన స్ట్రీట్‌లైట్ వెలగదు. ఓ రాత్రి ఒక కుర్రాడు బండితో సహా అందులో పడ్డాడు. 112కి కొట్టాను. ఎత్తినావిడ చక్కగా తెలుగులో మాట్లాడింది, దెబ్బలు తగిలాయనగానే లైన్ కట్ చేయకుండానే 108 వాళ్లని కూడా కలిపింది. అడ్రస్ చెప్పేటప్పుడు మాత్రం టెన్షన్‌లో "ఫలానా అపార్ట్‌మెంట్ పక్కన" అనకండి, గుడో పెట్రోల్ బంకో రేషన్ షాపో అందరికీ తెలిసింది ఏదైనా చెప్పండి. ముందు బ్లూకోల్ట్స్ (పోలీసు గస్తీ) బండి మీద ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు, వెనకే అంబులెన్స్. ఒకాయన సెల్‌ఫోన్ టార్చి పట్టుకుని నిలబడితే, 108లో వచ్చినతను మోకాళ్ల మీద బురదలో కూర్చుని, కాలు కదలకుండా కట్టు కట్టి, అప్పుడు స్ట్రెచర్ ఎక్కించాడు. రూపాయి అడగలేదు.

ఇంకా 100, 101, 108 అని విడివిడిగా గుర్తుపెట్టుకునేవాళ్ల కోసం చెబుతున్నా. పోలీసు, ఫైరు, అంబులెన్సు మూడింటికీ కలిపి 112 పెట్టారు. 2018 నవంబర్‌లో హిమాచల్‌ప్రదేశ్‌లో మొదలై అన్ని రాష్ట్రాలకీ వచ్చింది, డబ్బు నిర్భయ ఫండ్ నుంచి. పాత నంబర్లు పోలేదు, 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన మన 108 ఇప్పటికీ నేరుగా పలుకుతుంది. కీప్యాడ్ ఫోన్ ఉన్న పెద్దవాళ్లకి 5 గానీ 9 గానీ గట్టిగా నొక్కి పట్టుకుంటే చాలని నేర్పించండి, పాత సెట్ అయితే ఆ సదుపాయం లేకపోవచ్చు. స్మార్ట్‌ఫోన్‌కి 112 ఇండియా యాప్ ఉంది. అందులో ఆడవాళ్లకీ పిల్లలకీ షౌట్ అని ఒక బటన్ ఇచ్చారు, అది నొక్కితే దగ్గర్లో రిజిస్టర్ అయిన వాలంటీర్లకి కూడా కబురు వెళ్తుంది. ఆలోచన బాగుంది, కానీ మన వీధిలో ఒక్కరైనా వాలంటీర్‌గా చేరకపోతే ఆ కబురు ఎవరికి వెళ్తుంది చెప్పండి?

సరే, అసలు విషయం. ఆ రాత్రి కానిస్టేబుళ్లు ఎక్కడినుంచో ఓ బారికేడ్ తెచ్చి మోరీకి అడ్డం పెట్టారు, దాని మీద ఎవరిదో నగల షాపు యాడ్. వాళ్ల చేతిలో ఉన్నది అంతే. పొద్దున్నే లైటు కోసం వెళ్తే ఒక ఆఫీసులో "స్తంభం మాది, బల్బు వాళ్లది" అన్నారు, ఆ వాళ్ల దగ్గరికి వెళ్తే "వైరు లోపం, అది మా పని కాదు" అన్నారు. మూత సంగతి అడిగితే కాంట్రాక్టర్ బిల్లు పెండింగ్‌లో ఉందట! మనిషి పడ్డాక తీయడానికి మూడు డిపార్ట్‌మెంట్లు ఒక్క ఫోన్‌కి కలుస్తాయి గానీ, పడకుండా మూత వేయడానికి రెండు ఆఫీసులు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవు.

చివరికి పని ఎలా అయిందంటే, కాలనీ అసోసియేషన్ వాళ్లం కంప్లయింట్ రాసి, 112కి కాల్ చేసిన తేదీ, టైమ్, ఆ కుర్రాడికి తగిలిన దెబ్బ అన్నీ అందులో పెట్టి, పోలీస్ స్టేషన్‌లో ఇచ్చాం. ఎస్సై గారు "ఇక్కడ యాక్సిడెంట్ జరిగింది, వెంటనే బాగుచేయించండి" అని రెండు ఆఫీసులకీ లెటర్ పెట్టించారు. ఆ వారంలోనే లైటు వెలిగింది, మూత కూడా పడింది. మేం అడిగినప్పుడు లేని కాంట్రాక్టర్ పోలీసు లెటర్ వెళ్లగానే ఎక్కడినుంచి ఊడిపడ్డాడో!

112కి ఐదుకి నాలుగున్నర ఇస్తా. మున్సిపాలిటీని, కరెంటోళ్లని కూడా ఇదే లైన్‌లో కలిపిన రోజున మిగతా అర. అప్పటిదాకా మీ కాలనీ నుంచి 112కి ఎవరు కాల్ చేసినా ఆ వివరాలు, కాల్ లాగ్ స్క్రీన్‌షాట్‌తో సహా దాచిపెట్టి, అర్జీకి జతచేసి ఒక కాపీ స్టేషన్‌లో కూడా ఇవ్వండి, రసీదు ముద్ర వేయించుకోవడం మాత్రం మర్చిపోకండి.