బాపు నడవగలిగిన రోజుల్లో: రామప్ప, కాళేశ్వరం, మధ్యలో ఒక లాడ్జి

అమ్మానాన్నలను తిప్పాలని మనసులో ఉంటే వాళ్లు కర్ర పట్టుకుని నడిచే దశలోనే తిప్పండి. మా బాపు ఇప్పుడు మంచం మీద లేచి కూర్చోవాలన్నా ఇద్దరం పట్టాలి. అయినా రామప్పలోని నల్లరాతి స్తంభాల మాటెత్తితే ఆగకుండా చెప్తాడు. ఆ మాటలు వింటున్నప్పుడల్లా ఆ ఖర్చులో ఒక్క రూపాయి కూడా వృథా కాలేదనిపిస్తుంది, ఆ లాడ్జికి పోసిన డబ్బు తప్ప.

వరంగల్ చుట్టుపక్కల ఏం చూడాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. కారు ఎక్కడిదాకా పోతుంది, మెట్టు ఎంత ఎత్తు, కూర్చోవడానికి అరుగు ఎక్కడుంది, బాత్రూంలో కమోడ్ ఉందా అన్నవి మాత్రం వెళ్లినాకే తెలుస్తాయి. డెబ్బై దాటిన మనిషిని వెంట పెట్టుకున్నప్పుడు ముందు కావాల్సింది ఈ లెక్కే.

ఒక్కచోటికే వెళ్లే వీలుంటే నా ఓటు రామప్పకే. హనుమకొండ నుంచి ములుగు మీదుగా పాలంపేటకు సుమారు 70 కిలోమీటర్లు. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. 2021లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చాక జనం పెరిగారు, ఆదివారం మధ్యాహ్నం అస్సలు వద్దు. పొద్దున ఎనిమిదిన్నరకల్లా అక్కడ ఉండాలి. పదిన్నర దాటితే బండలు కాలతాయి. చెప్పులు బయటే విడవాలి, పెద్దవాళ్లు కాలు కాలుతుందని తొందరపడి అడుగులేస్తారు, పడేది అప్పుడే. సంచిలో ఒక జత మందపాటి నూలు సాక్సులు పెట్టుకోండి. నున్నటి బండ మీదికి రాగానే అవి తీసేయాలి, లేకపోతే జారుతుంది.

గుడి నక్షత్రాకారపు ఎత్తైన పీఠం మీద ఉంటుంది. ఇప్పటి ఇళ్ల మెట్ల కంటే ఆ రాతి మెట్లు ఎత్తు. ఎక్కేటప్పుడు బలమున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పున్న కాలు ముందు. తోడున్నవాళ్లు ఎక్కేటప్పుడు వెనక, దిగేటప్పుడు ఒక మెట్టు కింద నిలబడాలి. పైకి చేరాక మంటపంలో నీడ, చల్లదనం. గర్భగుడి ముందు ఒక స్తంభంలో సూది దూరేంత సన్నని రంధ్రాలు చెక్కారు. వెలుతురు పక్కనుంచి పడితే చెక్కిన బొమ్మల నగల మడతల మధ్య ఖాళీ కనబడుతుంది. బాపు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి, "ఇది రాయా, మైనమా?" అని అడిగాడు. ఇలాంటి చోట తొందరపెట్టకండి. చుట్టూ తిరగడం, కూర్చోవడం కలిపి రెండు గంటలు పెట్టుకోండి. బయట చూరు కింది మదనికలను, అంటే నాట్య భంగిమల్లోని ఆడవాళ్ల శిల్పాలను, చూడాలంటే తల బాగా పైకెత్తాలి. మెడనొప్పి, తలతిరుగుడు ఉన్నవాళ్లకు ఫోన్‌లో ఫొటో తీసి, పెద్దది చేసి చూపిస్తే సరిపోతుంది.

ఇక లాడ్జి సంగతి. కాళేశ్వరం దారిలో ఒక పట్టణం, పేరు వద్దు. గది 1,600, అడ్వాన్స్ 1,000. కింది అంతస్తు, వెస్టర్న్ టాయిలెట్ అని ఫోన్‌లో అడిగితే రెండింటికీ "ఉంది సార్" అన్నారు. వెళ్లేసరికి కింది గదులు పెళ్లివాళ్లకు ఇచ్చేశారు, మాకు రెండో అంతస్తు. లిఫ్ట్ లేదు. మెట్లకు ఒకవైపే రెయిలింగ్, అది కూడా మలుపు దగ్గర తెగిపోయింది. కమోడ్ ఉన్నమాట నిజమే, కాకపోతే అరడుగు ఎత్తు గద్దె మీద బిగించారు. సీటు మరలు ఊడి పక్కకు జరుగుతోంది, కూర్చున్న మనిషి కాళ్లు నేలకు ఆనవు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు దీనికంటే నేల మీది దొడ్డే నయం. అమ్మ కౌంటర్ దగ్గరే కడిగేసింది: "ఫోన్ల ఒకటి చెప్పి ఈడికొచ్చినంక ఇంకోటి చెప్తరా?" బాపుకు గొడవ ఇష్టం ఉండదు. "నేనెక్కుత గనీ, ఊకోరి" అని గోడ పట్టుకుని ఎక్కేశాడు. తెల్లారి ఎడమ మోకాలు ఉబ్బింది. అడ్వాన్స్ వాపసు ఇచ్చేది లేదన్నారు, క్షమించమని ఒక్క మాట కూడా అనలేదు.

కాబట్టి ఫోన్‌లో "ఉందా" అని అడగొద్దు, ఆ గది, దాని బాత్రూం ఫొటోలు వాట్సాప్‌లో పంపమనండి. గుమ్మం ఎత్తు, కమోడ్, పక్కన పట్టుకోవడానికి కడ్డీ, మంచం ఎత్తు నాలుగూ కనబడాలి. కూర్చుంటే పాదాలు నేలకు ఆనే మంచమే కావాలి. కింది అంతస్తు గది ఇవ్వకపోతే అడ్వాన్స్ తిరిగి ఇస్తామని మెసేజ్‌లో రాయించుకున్నాకే డబ్బు పంపండి. మడిచే కమోడ్ కుర్చీ ఒకటి డిక్కీలో ఉంటే ఏ లాడ్జి అయినా పర్వాలేదు. మేం 1,850 పెట్టి కొన్నాం, ఇప్పుడు ఇంట్లో రోజూ పనికొస్తోంది.

కారు అద్దె రోజుకు 3,400, డ్రైవర్ బత్తా 300 వేరే. చిన్న కార్లలో సీటు లోతుకు ఉంటుంది, జీపు లాంటివి ఎక్కాలంటే కాలు బాగా ఎత్తాలి. ఎర్టిగా, ఇన్నోవా సీటు నడుము ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. మొదట సీటు మీద కూర్చుని, ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పాలి. ఒక కాలు లోపల పెట్టి వంగి దూరితే నడుము పడుతుంది. బీపీకి నీళ్ల బిళ్ల (మూత్రం ఎక్కువ పోయించేది) వేసుకునేవాళ్లు ప్రయాణం రోజు ఏ వేళకు వేసుకోవాలో డాక్టర్‌ను ముందే అడగండి, సొంతంగా మానేయొద్దు. ఇన్సులిన్ డ్యాష్‌బోర్డులో పెడితే ఎండకు పాడవుతుంది. కర్ర కింది రబ్బరు బుడిపె అరిగిందేమో తిప్పి చూడండి. గుడి బండల మీద జారేది దానివల్లే.

ములుగు దాటాక రోడ్డు పక్కన తడకల హోటల్లో తిన్న భోజనం గురించి చెప్పకపోతే పాపం. బాపుకు పళ్ల సెట్టు, జొన్న రొట్టె నమలలేడు. ఆ సంగతి చూసి అక్కడి అక్క మసిలే నీళ్లు పోసి పిండి మళ్లీ కలిపింది, రొట్టె పలుచగా చరిచి, పెనం మీద నుంచి దించగానే తుంచి పప్పులో నానబెట్టి ఇచ్చింది. పచ్చిపులుసు మిరపకాయ లేకుండా విడిగా పిసికింది. రొట్టె 20, పప్పు 30. పచ్చిపులుసుకు పైసలు తీసుకోలేదు. అప్పటిదాకా లాడ్జి కోపంతో మాట్లాడని అమ్మ, ఆమెతో కూర్చుని గంటసేపు ముచ్చట పెట్టింది.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు. మొదటి పూజ కాళేశ్వరుడికే. గోదావరి, ప్రాణహిత కలిసే చోటు గనుక స్నానం చేయాలని పెద్దవాళ్లు పట్టుబడతారు. వానాకాలంలో ఘాట్ మెట్లు పాకురు పట్టి ఉంటాయి, ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయి ఇసుకలో నడవాలి. ఇసుకలో కర్ర దిగబడుతుంది. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తీసుకెళ్లి, పై మెట్టు మీద కూర్చోబెట్టి, బిందెతో తెచ్చి పోయండి. బాపు మొదట ముఖం ముడుచుకున్నాడు, రెండో చెంబుకే నవ్వాడు.

హనుమకొండ వేయిస్తంభాల గుడి ఊళ్లోనే, నడక తక్కువ. భద్రకాళి గుడికి పొద్దున్నే వెళ్లండి. వరంగల్ ఖిల్లాలో టికెట్ 25 రూపాయలు, నేల చదునే కానీ నీడ తక్కువ, సాయంత్రం మేలు. లక్నవరంలో వేలాడే వంతెన ఊగుతుంది, తూలు ఉన్నవాళ్లను ఎక్కించొద్దు, గట్టున కూర్చుని చెరువు చూసినా కడుపు నిండుతుంది. బొగత జలపాతం మోకాళ్లు బాగున్నవాళ్లకే.

రైల్లో వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. పెద్దవాళ్లకు టికెట్‌లో ఇచ్చే రాయితీ 2020 మార్చిలో ఎత్తేశారు. అంతకుముందు మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 శాతం తగ్గేది. కింది బెర్త్ కోటా ఇప్పటికీ ఉంది, బుక్ చేసేటప్పుడు దాన్నే ఎంచుకోవాలి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘంలో వస్తుంది. ఆ వారం, దానికి ముందు రెండు మూడు వారాలు ములుగు రోడ్డు మీద పెద్దవాళ్లతో బయల్దేరొద్దు. కారు గంటలకొద్దీ కదలదు, దిగి మూత్రానికి పోవడానికి మరుగు కూడా దొరకదు.