టీవీలో ఏడాది పొడుగునా ఆషాఢమే

మన వైజాగ్‌లో బట్టల కొట్లకి ఆషాఢం ఏడాదికి ఒక్క నెలే. జగదాంబ నుంచి ద్వారకానగర్ దాకా ఆ నెలంతా మిగిలిపోయిన సరుకు బయటికి తీసి, బోర్డు కట్టి మరీ తగ్గింపుకి అమ్ముతారు. అది పాత సరుకని వాళ్లకీ తెలుసు, మనకీ తెలుసు. చేత్తో పట్టుకుని, మడత విప్పి, గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూసి కొనుక్కుంటాం. టీవీ షాపింగ్ ఛానెళ్లకి పన్నెండు నెలలూ ఆషాఢమే. కాకపోతే వాళ్లు దాన్ని ‘సరికొత్త కలెక్షన్’ అంటారు.

ఛానెల్ పేరు ఏదైతేనేం, ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే. మాట తెలుగులో వినిపిస్తుంది, పెదాలు హిందీలో కదులుతుంటాయి, మూల గడియారం వెనక్కి పరిగెడుతుంటుంది. తెర మీద సరుకు మాత్రం పది పన్నెండేళ్ల నాటి పెళ్లి ఆల్బంలోంచి లేచొచ్చినట్టుంటుంది. సగం జార్జెట్, సగం నెట్ అతికిన హాఫ్ అండ్ హాఫ్ చీరలు, బ్రాసో చీరలు, వెల్వెట్ అంచుకి అతికించిన రాళ్లు, నేల ఊడ్చే నెట్ అనార్కలీలు. ఇవాళ ఎంవీపీ కాలనీలో సాయంత్రం ఓ గంట నిలబడితే కనిపించేవి వేరు: లినెన్, మల్ కాటన్, ఆర్గంజా చీరలు, మంగళగిరి టాప్ మీదికి ప్యాంటు, ఒకే గుడ్డతో కుట్టిన కోఆర్డ్ సెట్లు. ఈ రెంటికీ మధ్య ఒక తరం దూరం ఉంది.

ఎందుకిలా అంటే, అమ్మే పద్ధతే అలాంటిది. కొట్టువాడు సూరత్ నుంచి ఒక డిజైన్‌లో నాలుగు చీరలు తెప్పించి, పోతే మళ్లీ నాలుగు తెప్పించుకోగలడు. టీవీలో అది కుదరదు. మోడల్, స్టూడియో, ఏడెనిమిది భాషల్లో డబ్బింగ్, కేబుల్, డీటీహెచ్ వాళ్లకి కట్టే డబ్బు, ఇవన్నీ ఒక్క కార్యక్రమం మీద రాబట్టుకోవాలి. అంటే అదే రికార్డింగ్‌ని నెలల తరబడి తిప్పాలి, తిప్పినన్నాళ్లూ అదే చీర గోడౌన్‌లో ఉండాలి. ఒకే డిజైన్ వేల సంఖ్యలో, అట్టడుగు ధరకి దొరికేది ఎప్పుడు? బజారులో దాని పని అయిపోయినప్పుడు. కొత్త డిజైన్‌ని అంత చవగ్గా ఏ మిల్లువాడూ ఇవ్వడు. కాబట్టి ఇది ఛానెల్‌కి సరుకు ఎంచేవాళ్ల అభిరుచి లోపం కాదు. టీవీలో ఫ్యాషన్ బట్ట పుట్టడమే పాతదిగా పుడుతుంది.

దాని మీద ఇంకో లెక్క కూడా ఉంది, అదే ఎక్కువ మండించేది. పగటిపూట టీవీ ముందుండేది యాభై దాటిన ఆడవాళ్లనీ, వాళ్లకి మెరిస్తే చాలనీ ఎవరో తేల్చేశారు. వైజాగ్‌లో ఆ వయసువాళ్లు కట్టేది చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. మార్గశిర లక్ష్మివారాల్లో కనకమహాలక్ష్మి గుడి దగ్గర లైన్లో చూడండి, గంజి పెట్టిన నూలు చీరలూ, ఉప్పాడలూ, వెంకటగిరిలూ. బట్టని రెండు వేళ్ల మధ్య నలిపి నూలెంతో చెప్పగల మనుషులు వాళ్లు. టీవీలో నలిపి చూసే వీల్లేదు కాబట్టే అక్కడి వ్యాపారం నడుస్తోంది.

ఇక పార్శిల్ విప్పుదాం. ఎనిమిది చీరల కాంబో 1,999, కొరియర్‌కి 199 అనుకోండి. చీర ఒక్కింటికి 275 రూపాయలు పడింది. టేపు పెడితే మొదటి సంగతి తెలుస్తుంది. సరైన చీర అయిదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు, కలిపి 6.3 మీటర్లు ఉండాలి. కాంబోల్లో చీర 5.2 దగ్గరే ఆగిపోతుంటుంది. ముప్ఫై సెంటీమీటర్లేగా అనిపిస్తుంది కానీ, కుచ్చిళ్లలో ఒక మడతకి పట్టేది పాతిక సెంటీమీటర్లు. కాస్త ఒళ్లున్నవాళ్లకి కుచ్చిళ్లు తగ్గి, పైట మోకాలి పైనే ఆగుతుంది. జాకెట్టు ముక్క 70 సెంటీమీటర్లే ఉంటే మోచేతి దాకా చేతులు రావు. అసలు చాలాసార్లు మోడల్ వేసుకున్న జాకెట్టు వేరు, చీరతో వచ్చేది వేరు.

రెండోది సరుకు వయసు. అది దాచినా దాగదు. లేత రంగు చీర తీసుకుని మడత గీత దగ్గర చూడండి. ఏళ్లు బేలులో ఉన్న బట్టకి ఆ గీత వెంట పసుపు చార ఉంటుంది, ఇస్త్రీ చేసినా పోదు. అతికించిన రాయి చుట్టూ జిగురు ముదిరి గోధుమరంగు వలయం కట్టి ఉంటుంది. గోటితో కదిపితే రాయి ఊడుతుంది, వలయం మిగులుతుంది. నైటీ, లెగ్గింగ్ లాంటివైతే ఎలాస్టిక్‌ని చెవి దగ్గర పెట్టి సాగదీయండి. లోపలి రబ్బరు చచ్చిపోతే కరకరమంటుంది, సాగింది వెనక్కి రాదు. కవరు మీద చీటీ కూడా చూడాలి. ప్యాక్ చేసిన సరుకు మీద తయారుచేసిన లేదా ప్యాక్ చేసిన వాళ్ల పేరు, చిరునామా, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెబుతున్నాయి. చీటీ మీద చీటీ కనిపిస్తే పైదాన్ని మెల్లగా ఎత్తి చూడండి. ఎమ్మార్పీ తగ్గించడానికి స్టిక్కర్ వేసుకోవచ్చు కానీ అసలు ధర కప్పకూడదు. మిగతా వివరాలు మార్చడానికైతే స్టిక్కర్ వేయనేకూడదు.

మూడోది, అది ఏ గుడ్డ? ‘ఆర్ట్ సిల్క్’ అంటే కళాత్మకమైన పట్టు కాదు, ఆర్టిఫిషియల్ అన్న మాటకి తోక కోసేశారు. ‘కంచి స్టైల్’, ‘బనారసీ లుక్’, ‘ఉప్పాడ టైప్’ అన్నప్పుడు ఆ రెండో మాట దగ్గరే ఆగండి. ఆ చీరలకి భౌగోళిక గుర్తింపు ఉంది, ఎవరు పడితే వాళ్లు ఆ పేరుతో అమ్మకూడదు. అందుకే స్టైలూ లుక్కూ తగిలిస్తారు. అసలు పట్టయితే 2004లో సెంట్రల్ సిల్క్ బోర్డు చొరవతో వచ్చిన సిల్క్ మార్క్ లేబుల్ అడగండి. అనుమానం తీరకపోతే చెంగు కొసన ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టి వెలిగించండి. కరిగి నల్లటి గట్టి పూసలా ముద్దకడితే పాలియెస్టర్. కాగితం కాలిన వాసనతో బూడిదైతే నూలో విస్కోసో. వెంట్రుకలు కాలిన వాసనతో, నలిపితే పొడి అయ్యే బూడిద వస్తే పట్టు. కాంబో చీరల్లో నూటికి తొంభైతొమ్మిది పూసలే మిగులుతాయని పందెం కాయొచ్చు.

పాలియెస్టర్ చెడ్డదని కాదు, మన ఊరికి పనికిరాదు. నూలు తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టి ఉంచుకుంటుంది, పాలియెస్టర్ అర శాతం కూడా పట్టదు. ఏప్రిల్‌లో సముద్రపు ఉబ్బకి పట్టిన చెమటంతా ఒంటికీ చీరకీ మధ్యే ఉండిపోతుంది. వెల్వెట్ అంచుదైతే మరో గొడవ: వానాకాలంలో బీరువాలో బూజు ముందు పట్టేది దానికే. మాసిందని ఇంట్లో ఉతికితే జార్జెట్ ఒకలాగా, వెల్వెట్ ఒకలాగా ముడుచుకుని అంచు అలలు తిరుగుతుంది. ఇస్త్రీ పెడితే నూగు అణిగిపోతుంది. జరీ సంగతి కూడా గుర్తుంచుకోండి. రాగి తీగ మీద పూత వేసిన జరీ ఉప్పుగాలికి నల్లబడుతుంది. ప్లాస్టిక్ జరీ నల్లబడదు కానీ ఇస్త్రీపెట్టె వేడికి ముడుచుకుపోతుంది. కాంబోల్లో వచ్చేది రెండోదే, కనుక పల్చటి గుడ్డ అడ్డం వేసి, ఇస్త్రీపెట్టె మీద ‘సిల్క్’ అని ఉన్న వేడి మీదే రుద్దాలి.

ఇప్పుడు డబ్బు లెక్క. 275 చీరకి ఫాల్, పీకో కలిపి వంద దాటుతుంది. లైనింగ్ జాకెట్టు కుట్టుకూలి నాలుగొందలు అనుకున్నా, లైనింగ్ గుడ్డ పైన. కట్టుకునే వేళకి ఆ చీర ఎనిమిది వందలకి తేలింది. ఎనిమిదింటికీ ఎలాగూ కుట్టించరు, రెండు కట్టి, మిగతా ఆరు పెట్టుబడి చీరలుగా పంచుతారు. వాటిని పుచ్చుకున్నవాళ్లు కూడా అదే ఛానెల్ చూసి ఉంటారు, ఖరీదు వాళ్లకీ తెలుసు. అదే ఎనిమిది వందలకి పూర్ణా మార్కెట్ సందుల్లోనో ఆప్కో చేనేత దుకాణంలోనో మామూలు నూలు చీర వెతుక్కోవచ్చు. దానికి పాత రవిక ఏదైనా సరిపోతుంది.

డ్రెస్సుల్లో ‘సెమీ స్టిచ్డ్’ అన్న మాట జాగ్రత్త. దాని అర్థం సగం కుట్టారని కాదు, కుట్టాల్సిన కష్టమైన సగం మనకి వదిలేశారని. పక్కలు తెరిచి ఉంటాయి, చేతులు విడిగా చిన్న కవర్లో ఉంటాయి, చంకలు కత్తిరించాలి, కింద అంచు మడవాలి. నెట్‌కీ లోపలి సాంటూన్ లైనింగ్‌కీ పొడవు తేడా వస్తే రెంటినీ విడివిడిగా సరిచేయాలి. ముందు మెడ ఎంబ్రాయిడరీ తయారుగా వస్తుంది కాబట్టి మెడ లోతు తగ్గించే దారే లేదు, భుజం దగ్గర ఎత్తి పట్టడమే టైలర్ చేయగలిగింది. ఈ పని పేరు చెప్పగానే అక్కయ్యపాలెంలోనైనా గాజువాకలోనైనా టైలర్లు మొహం చిట్లిస్తారు, ఒప్పుకున్నా మామూలు చుడీదార్ కూలికి ఒప్పుకోరు.

మగవాళ్ల ప్యాంటు, చొక్కా ముక్కల కాంబో గురించి చెప్పేది కొంచెమే. ప్యాంటుకి 58 అంగుళాల పన్నాలో, అంటే గుడ్డ వెడల్పులో, 1.2 మీటర్లు ఇస్తారు, ఆరడుగుల మనిషికి 1.3 కావాలి. చొక్కా ముక్క 36 పన్నాదైతే 2.25 మీటర్లకి తగ్గితే ఫుల్ హ్యాండ్స్ రావు. రంగులు మనం ఎంచుకోలేం. అయిదింటిలో మూడు బూడిద రంగే.

నైటీలు, లోపలి లంగాలు, దుప్పట్లు, తువ్వాళ్లు మాత్రం కొనొచ్చు. వీటికి ఫ్యాషన్‌తో పని లేదు, గోడౌన్‌లో రెండేళ్లున్నా కొంప మునగదు. నూలు నైటీ మొదటి ఉతుకుకి రెండంగుళాల దాకా కుంచించుకుంటుంది కాబట్టి ఒక సైజు పైది చెప్పండి.

అయినా కాంబో కొనాలనిపిస్తే, ఫోన్లో అవతలివాళ్లని అడగాల్సినవి ఇవి: చీర పొడవు ఎన్ని మీటర్లు, జాకెట్టు ముక్క అందులో కలిపా విడిగానా, తెర మీది రంగులే వస్తాయా ‘అసార్టెడ్’ అని ఉన్న రంగులేవో వస్తాయా, వాపసు పంపితే కొరియర్ ఎవరు పెట్టుకోవాలి, డబ్బు ఖాతాకి వస్తుందా వాళ్ల దగ్గరే కూపన్‌గా మిగులుతుందా. ఆఖరిదానికి సూటిగా జవాబు రాకపోతే ఫోన్ పెట్టేయండి. గడియారం అయిపోతుందని కంగారు అక్కర్లేదు, అదే కార్యక్రమం రేపూ వస్తుంది. ఇలా ఉత్తుత్తి తొందర పెట్టడాన్ని 2023 నవంబర్ 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని బుట్టలో వేసే ఎత్తులు) మార్గదర్శకాలు తప్పుడు పద్ధతుల్లో చేర్చాయి, ప్రకటనలిచ్చేవాళ్లకీ అవి వర్తిస్తాయి.

పార్శిల్ వచ్చాక కత్తెర పెట్టకముందే ఫోన్ కెమెరా ఆన్ చేయండి. చిరునామా చీటీతో మొదలెట్టి ఆఖరి చీర విప్పేదాకా మధ్యలో ఆపకుండా తీయాలి, ఆపితే ఆ వీడియో చెల్లదంటారు. ఎనిమిదీ అదే రోజు పగటి వెలుగులో విప్పి, టేపు పెట్టి కొలవండి. అన్నీ చూసేదాకా ఒక్కదానికీ ఫాల్ వేయించొద్దు, ట్యాగు తెంపొద్దు. ఒక్కటి కుట్టించినా మొత్తం కాంబో వాపసు పోదు.

వాపసు తీసుకోబోమని మొండికేస్తే ముందు 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మినవాడి ఆఫీసు ఏ ఢిల్లీలోనో ముంబయిలోనో ఉందని వెనక్కి తగ్గక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు ఉండే ఊళ్లోనే, అంటే విశాఖలోనే కేసు వేసుకోవచ్చు. ఖరీదు అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. రెండు వేల చీరల కోసం అంత దూరం ఎవరు వెళ్తారని వాళ్ల ధీమా.

రేటింగ్ అడిగితే చీరల కాంబోలకి అయిదుకి ఒకటి, సెమీ స్టిచ్డ్‌కి అదీ లేదు, నైటీలకీ దుప్పట్లకీ మూడు. వెల్వెట్ అంచు చీర ఇప్పటికే ఇంట్లో ఉందా? అంచు విప్పదీసేసి, జార్జెట్ భాగాన్ని దుపట్టాగా కత్తిరించి నాలుగువైపులా పీకో చేయించండి, రెండు దుపట్టాలు వస్తాయి.