టర్కీ కోడి వేటకు షాట్‌గన్ మీద స్కోప్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నా కుడి కనుబొమ్మ మీద నాలుగు కుట్లు పడ్డాయి. కళ్ళజోడు ఫ్రేము వంగిపోయి ముక్కు పక్కన గీరుకుపోయింది. అద్దాలు పాలీకార్బొనేట్‌వి కాబట్టి పగల్లేదు, కన్ను దక్కింది. ఆన్‌లైన్‌లో 120 డాలర్లు పెట్టి కొన్న స్కోప్ (తుపాకీ మీద బిగించి గురి చూసే దుర్భిణి) వల్ల జరిగింది ఇదంతా. అమ్మినవాళ్ళు డబ్బు వాపసు ఇవ్వలేదు. డబ్బు పోతే పోయింది గానీ, వచ్చే ఏప్రిల్ సీజన్ కోసం ఇలాంటిదే కొనబోతున్న మనవాళ్ళలో ఒక్కరైనా ఆగుతారని రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది అమెరికాలో లైసెన్సు తీసుకుని వేటకు వెళ్ళేవాళ్ళకు మాత్రమే. ఇండియాలో అడవి జంతువుల వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అమెరికాలో కూడా వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి మామూలుగా వీల్లేదు. హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్ళకు ఫెడరల్ చట్టంలో మినహాయింపు ఉంది. అయినా హెచ్1బి మీద ఉన్న తమ్ముళ్ళు లాయర్‌ని అడిగాకే ముందుకు వెళ్ళండి.

నేను ఉండేది మిస్సోరిలో. నా దగ్గర ఉన్నది ఏడు పౌండ్ల బరువున్న 12 గేజ్ పంప్ షాట్‌గన్ (గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత). షాట్‌గన్‌కు స్కోప్ ఎందుకని చాలామంది అడుగుతారు. బ్యారెల్ చివర టర్కీ చోక్ అనే సన్నటి గొట్టం బిగిస్తే పెల్లెట్లు (తూటాలోని చిన్న గుళ్ళు) చెదిరిపోకుండా గుంపుగా వెళ్తాయి. పది గజాల దూరంలో ఆ గుంపు బత్తాయిపండంతే ఉంటుంది. కొట్టాల్సింది కోడి మెడ మొదట్లో. నాకు నలభై ఏడేళ్ళు, ప్రోగ్రెసివ్ కళ్ళజోడు. బ్యారెల్ చివర ఉన్న గురి పూస సరిగ్గా కనిపిస్తే కోడి మసక, కోడి కనిపిస్తే పూస మసక. అందుకని స్కోప్ వెతికాను.

ప్రకటనలో 3 నుంచి 9 రెట్ల జూమ్ అనీ, షాట్‌గన్‌కు పనికొస్తుందనీ, ఐ రిలీఫ్ 4 అంగుళాలనీ రాశారు. ఐ రిలీఫ్ అంటే బొమ్మ నిండుగా కనిపించాలంటే కంటికీ స్కోప్ వెనక అద్దానికీ మధ్య ఉండాల్సిన దూరం. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు మీ నుదుటిని కాపాడేది ఆ ఖాళీ ఒక్కటే. రివ్యూలన్నీ బాగున్నాయి. తర్వాత మళ్ళీ కూర్చుని చదివితే తెలిసింది, రాసినవాళ్ళలో ఎక్కువమంది దాన్ని 22 రైఫిల్ మీదో ఎయిర్ రైఫిల్ మీదో పెట్టుకున్నవాళ్ళు. 22 రైఫిల్‌కు తన్నే ఉండదు. నేను వాడింది మూడున్నర అంగుళాల పొడవున్న, బాగా శక్తి ఉన్న మ్యాగ్నమ్ షెల్ (తూటా), అందులో రెండు ఔన్సుల సీసం. ఏడు పౌండ్ల తుపాకీలో దాని తన్ను, పెద్ద జంతువుల వేటకు వాడే 30-06 రైఫిల్ తన్నుకు దాదాపు మూడింతలు.

షూటింగ్ సాధన చేసే రేంజ్‌లో ఏమీ తెలియలేదు. బల్ల ముందు నిటారుగా కూర్చుని, తేలికపాటి టార్గెట్ షెల్స్‌తో సరిచూసుకున్నాను. జూమ్ 3 మీదే ఉంది. అన్నీ కాగితం మధ్యలోనే తగిలాయి.

అడవిలో కూర్చునే తీరు వేరు. తెల్లవారుజామున ఓక్ చెట్టుకు వీపు ఆనించి, ఎడమ మోకాలు పైకెత్తి, దాని మీద గన్ పెట్టుకుని కూర్చున్నాను. మా తోడల్లుడు నాకు పది గజాల వెనక నుంచి కోడి కూతను అనుకరిస్తూ కాల్ వేస్తున్నాడు. ఆరుంపావుకి కోడి అరుపు దగ్గరైంది. ముప్ఫై గజాల దూరంలో పొదల మధ్య నుంచి తల బయటపెట్టింది. స్ప్రింగ్ సీజన్‌లో ఇక్కడ మగకోడినో, లేదా రొమ్ము మీద గడ్డం లాంటి వెంట్రుకల కుచ్చు కనిపించేదాన్నో మాత్రమే కొట్టాలి. వెలుతురు చాలక ఆ కుచ్చు చూద్దామని జూమ్ 9కి తిప్పాను. బొమ్మ చుట్టూ నల్లటి వలయం వచ్చింది. వలయం పోవాలంటే కన్ను ముందుకు తీసుకెళ్ళాలి. మెడ సాచి, చెంప స్టాక్ (భుజానికి ఆనించే తుపాకీ వెనక భాగం) మీద ముందుకు జరిపాను. అలా జరుపుతున్నానని ఆ క్షణాన నాకు తెలియను కూడా తెలియదు. బొమ్మ నిండింది, కుచ్చు కనిపించింది, ట్రిగ్గర్ నొక్కాను.

చప్పుడు గుర్తులేదు. కంట్లోకి వెచ్చగా ఏదో దిగింది, అంతే. బల్ల దగ్గరైతే తన్నుకు ఒళ్ళు కాస్త వెనక్కి ఊగుతుంది, దెబ్బ కొంత తగ్గుతుంది. ఇక్కడ వెనక చెట్టు ఉంది, భుజం పోవడానికి చోటు లేదు. తోడల్లుడు పరుగెత్తుకొచ్చి ముందు నా చేతిలోంచి గన్ తీసుకుని షెల్స్ అన్నీ బయటికి లాగేశాడు. ఆ తర్వాత కర్చీఫ్ మడిచి గాయం మీద గట్టిగా అదిమి పట్టుకున్నాడు. "తమ్ముడూ, కన్ను తెరిచి నావైపు చూడు, నేను కనిపిస్తున్నానా?" అని మూడుసార్లు అడిగాడు. ఆ గొంతులో వణుకు ఇంకా నా చెవిలోనే ఉంది. కోడికి ఒక్క పెల్లెట్ కూడా తగల్లేదు.

ఇంటికొచ్చాక స్కోప్ తుపాకీ మీద నుంచి విప్పి కొలిచాను. ఎవరైనా చేయొచ్చు. చీకటి గదిలో ముందు అద్దంలోకి ఫోన్ టార్చ్ వేసి, వెనక అద్దం ఎదురుగా తెల్లకాగితం పట్టుకుని మెల్లగా వెనక్కి జరపండి. కాగితం మీద వెలుగు చుక్క ఎక్కడ అతి చిన్నగా, స్పష్టంగా కనిపిస్తుందో అక్కడి నుంచి అద్దం దాకా స్కేలుతో కొలిస్తే అదే ఐ రిలీఫ్. జూమ్ 3 దగ్గర మూడుముప్పావు అంగుళాలు వచ్చింది. 9 దగ్గర రెండుముప్పావు కూడా లేదు. ప్రకటనలో ఏ జూమ్ దగ్గర 4 అంగుళాలో ఎక్కడా రాయలేదు. స్కోప్‌ని తుపాకీకి పట్టి ఉంచే రింగుల స్క్రూలు కూడా రెండు వదులై ఉన్నాయి. విప్పకముందు ఒకసారి కాగితం మీద కొట్టిస్తే నలభై గజాల దగ్గర గుంపు మొత్తం తొమ్మిది అంగుళాలు ఎడమకు పోయింది.

అమ్మినవాళ్ళకు స్కేలు ఫోటోతో సహా మెయిల్ పెట్టాను. "మౌంట్ చేసిన స్కోప్ వాపసు తీసుకోం" అన్నారు. రెండో మెయిల్‌కి నేను బిగించడమే తప్పన్నారు. మూడోదానికి జవాబే లేదు. ప్రకటనలో ఇప్పటికీ 4 అంగుళాలనే ఉంది.

కాబట్టి ఆ టార్చ్ పరీక్ష పెట్టె విప్పిన రోజే, రింగులు తొడగకముందే చేయండి. వాపసు ఇవ్వాలంటే అప్పుడే వీలవుతుంది. అత్యధిక జూమ్ దగ్గర అది 4 అంగుళాలకు తగ్గితే షాట్‌గన్ మీద పెట్టొద్దు. అసలు టర్కీకి 9 రెట్లు అక్కర్లేదు, 1 నుంచి 4 చాలు. కుచ్చు చూడటానికి బైనాక్యులర్ ఉంది. పారలాక్స్ (కన్ను కాస్త పక్కకు జరిగితే గురి కూడా జరిగినట్టు కనిపించడం) ఎంత దూరంలో లేకుండా సెట్ చేశారో కూడా అడగండి. మామూలు రైఫిల్ స్కోప్‌కి అది 100 గజాలో ఆ పైనో ఉంటుంది. షాట్‌గన్ కోసం చేసినవాటికి తరచు 50 లేదా 75 ఉంటుంది.

బిగించేటప్పుడు బల్ల దగ్గర నిలబడి చూసుకోవద్దు. గన్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, వేట బట్టలు, కళ్ళజోడు వేసుకుని, గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చోండి. జూమ్ చివరిదాకా తిప్పి, కళ్ళు మూసుకుని గన్ భుజానికి ఎత్తి, అప్పుడు కళ్ళు తెరవండి. మెడ సాచకుండా బొమ్మ నిండుగా కనిపించాలి. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టి కనుబొమ్మకీ స్కోప్ అంచుకీ మధ్య ఖాళీ చూడమనండి. స్క్రూలను స్కోప్ కంపెనీ చెప్పిన కొలతకే టార్క్ డ్రైవర్‌తో (ఎంత గట్టిగా బిగిస్తున్నామో కొలిచే స్క్రూడ్రైవర్) బిగించండి.

నేను ఇప్పుడు రెడ్ డాట్‌కు (జూమ్ లేకుండా, అద్దంలో ఎర్రచుక్కతో గురి చూపే పరికరం) మారాను. దానికి ఐ రిలీఫ్ బాధే లేదు, కన్ను ఎంత వెనక ఉన్నా చుక్క కనిపిస్తుంది. మూడున్నర అంగుళాల షెల్ మానేశాను. 12 కంటే సన్న గొట్టం ఉన్న 20 గేజ్ గన్ తీసుకుని, దానికి సరిపోయే టంగ్‌స్టన్ పెల్లెట్ల షెల్ వాడుతున్నాను. టంగ్‌స్టన్ సీసం కంటే ఎంతో బరువైన లోహం, కాబట్టి చిన్న పెల్లెట్లే నలభై గజాల దాకా బాగా పనిచేస్తాయి. భుజానికి పడే దెబ్బ సగానికి సగం తగ్గింది. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. అందుకే సాధన మామూలు షెల్స్‌తో చేసి, చివర రెండు మూడు మాత్రం అసలువి కాల్చి చూసుకుంటాను.

క్రెడిట్ కార్డు వాళ్ళకు ఫిర్యాదు పెట్టాను. స్కేలు ఫోటోలు, మెయిళ్ళు, హాస్పిటల్ బిల్లు అన్నీ జతచేశాను. కొన్న రోజున ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోలేదు, వాళ్ళు మొదట అడిగింది అదే. మీరు మాత్రం డబ్బు కట్టే ముందే తీసి పెట్టుకోండి.