పాత పల్లె వెలుగు బస్సుల్లో రోజంతా తిరగడం: ఏళ్ల తరబడి చేశాక నా రివ్యూ

ఇది బండి కొనాలా వద్దా అని చెప్పే రివ్యూ కాదు. పొద్దున్నే విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌కి పోయి, ప్లాట్‌ఫారాల మీద ఉన్నవాటిల్లో అన్నిటికన్నా పాత బండి ఏదో చూసి, అది ఎటు పోతే అటు టికెట్ తీసుకుని, మళ్లీ రాత్రికి ఇంటికి చేరడం అనే అలవాటు మీద రివ్యూ. నాకు ఈ అలవాటు కాలేజీ రోజుల్నించీ ఉంది, పెళ్లయ్యాక కూడా పోలేదు, ఖాళీ ఆదివారం దొరికితే ఇప్పటికీ ఇదే పని.

ఇంగ్లండులో బస్సుల పిచ్చోళ్లకి ప్రత్యేకంగా రోజులే ఉంటాయి. పాత బస్సుల్ని సొంతంగా కొనుక్కుని బాగుచేయించి దాచుకున్నవాళ్లు ఆ రోజు వాటిని రోడ్డు మీదకి తెచ్చి జనాన్ని ఎక్కించుకుని తిప్పుతారు. లండన్‌లో రూట్‌మాస్టర్ అనే పాత ఎర్ర డబుల్ డెక్కర్ బస్సుల్ని మామూలు సర్వీసుల్నించి 2005 డిసెంబర్‌లో తీసేశారు, అయినా వాటి మీద మోజు తగ్గలేదు. అంతదాకా ఎందుకు, ముంబైలో పాత డీజిల్ డబుల్ డెక్కర్ 2023 సెప్టెంబర్ 15న ఆఖరి ట్రిప్పు వేస్తే దాన్ని సాగనంపడానికి జనం వచ్చారు. మన విజయనగరం శ్రీకాకుళం వైపు అలాంటి రోజు ఎవరూ పెట్టరు, మనకి మనమే పెట్టుకోవాలి. అయితే మనకున్న అదృష్టం ఏంటంటే ఇక్కడ పాత బస్సు ఎగ్జిబిషన్‌లో ఉండదు, మామూలు టికెట్‌కి మామూలు జనంతో కలిసి ఎక్కొచ్చు. సంత బుట్టలు, స్కూలు పిల్లలు, పెళ్లికెళ్లేవాళ్లు అందరూ అందులోనే ఉంటారు, నాకైతే బస్సు అంటే అదే.

పాతది అంటే ఎంత పాతది అని అడుగుతారు కాబట్టి చెప్తున్నా. యాభై ఏళ్ల బండ్లు ఎవరూ నడపరు. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ బండ్లకి రిజిస్ట్రేషన్ రద్దు చేసి తుక్కు కింద తీసేయాలని కేంద్రం రూల్ పెట్టింది, ఆర్టీసీ బస్సులకీ అదే. కాబట్టి ఇప్పుడు మనకి దొరికేది ఆ గీతకి కాస్త ఇవతల ఉన్నవి, అంటే ముందు ఇంజిన్ లేలాండ్‌లు, టాటాలు. చాలావాటికి ముందు ఒక జీవితం కూడా ఉంటుంది, ఎక్స్‌ప్రెస్‌గా కిలోమీటర్లు బాగా తిరిగాక రంగు మార్చి పల్లె వెలుగులోకి దింపుతారు. మెట్ల దగ్గర పెయింట్ లేచిన చోట గోరంత మేర కింది రంగు కనబడుతుంది చూడండి, నేను ఎక్కగానే ముందు వెతికేది దాన్నే.

తర్వాత నంబర్ ప్లేట్. ఆర్టీసీ సొంత బండి అయితే జెడ్ అక్షరం ఉంటుంది. 1932లో నిజాం స్టేట్ రైల్వే వాళ్లు రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్ అని 27 బస్సులతో మొదలుపెట్టారు, ఆఖరి నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద ఆ జెడ్ వచ్చిందని తరతరాలుగా చెప్పుకుంటారు. 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడింది, రాష్ట్రం 2014లో రెండైంది, 2020 జనవరి 1 నుంచి ఉద్యోగులు ప్రభుత్వంలో కలిశారు, ఆ అక్షరం మాత్రం అలాగే వస్తోంది. గజపతినగరం దాటాక జీడితోటల పక్కన దుమ్ము లేపుకుంటూ పోయే బండి మీద హైదరాబాదు రాజమాత పేరు ఉందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక అసలు విషయం, ప్రయాణం. పాత ముందు ఇంజిన్ బండిలో డ్రైవర్ పక్కన పెద్ద బానెట్ ఉంటుంది, దాని మీద రెగ్జిన్ కవరు, కవరు మీద డ్రైవర్ గారి టవలూ నీళ్ల బాటిలూ. అద్దం పైన పైడితల్లి అమ్మవారి ఫోటో, కింద నిమ్మకాయలు. పొద్దున మొదటి ట్రిప్పుకి స్టార్ట్ చేసిన వెంటనే బండి కదలదు, ఎందుకంటే బ్రేకులు గాలితో పనిచేస్తాయి, ట్యాంకుల్లో ఎయిర్ పట్టాలి, గేజ్‌లో ముల్లు పైకి ఎక్కేదాకా డ్రైవర్ ఇంజిన్ రేజ్ చేస్తూ కూర్చుంటాడు. ఆ కాసేపు బస్సంతా వణుకుతుంది, కిటికీ అద్దాలు గలగలమంటాయి, సీటు కమ్మీ పట్టుకుంటే చేతికి జుమ్మని తెలుస్తుంది. తర్వాత తుస్సుమని గాలి వదిలే చప్పుడు, అప్పుడు కండక్టర్ రైట్ అంటాడు. నేను మొదటి ట్రిప్పుకే పోయేది ఇందుకోసమే.

గేర్లు మార్చడం గురించి ఎంత చెప్పినా తక్కువే. కొత్త బండ్లలో క్లచ్ ఒకసారి తొక్కి గేరు వేసేస్తారు. పాత చెయ్యి పడ్డ డ్రైవర్ అలా కాదు, క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి వదులుతాడు, కింది గేరుకైతే మధ్యలో ఒకసారి ఏక్సిలరేటర్ ఇస్తాడు, మళ్లీ క్లచ్ తొక్కి అప్పుడు గేరు వేస్తాడు. డబుల్ క్లచ్ అంటారు. లోపల తిరిగే పళ్ల చక్రాల స్పీడు రెండూ సమానం అయ్యాకే గేరు మెత్తగా పడుతుంది, లేకపోతే గర్ర్ మని అరుస్తుంది. కళ్లు మూసుకుని వింటే చాలు, డ్రైవర్‌కి ఎంత అనుభవం ఉందో తెలిసిపోతుంది. ఒకసారి సాలూరు బండిలో ముందు సీట్లో కూర్చుని ఆయన ఎడమ చెయ్యినే చూస్తున్నాను, ఆయన అద్దంలోంచి చూసి "ఏటి బావూ, ఎక్కడికెల్తన్నావ్" అన్నాడు. ఎక్కడికీ లేదండీ, ఈ బండెక్కుదామనే వచ్చాను అన్నాను. "బండెక్కీడానికా!" అని గట్టిగా నవ్వి, తర్వాత దారి పొడుగునా చెప్తూనే ఉన్నాడు, "ఇది నా సేతికి అలవాటైపోనాది, మూడో గేరు కాత్త బతిమాలాల, తొందరపడితే మాట ఇనదు" అని. అలాంటి మాట షోరూంలో ఎవరు చెప్తారు చెప్పండి.

సీటు ఎక్కడ తీసుకోవాలి అన్నది చాలా ముఖ్యం. ఆఖరి వరస మాత్రం వద్దు, వెనక చక్రాల తర్వాత బాడీ చాలా పొడుగు బయటికి ఉంటుంది, కింద ఉన్నది కమాన్ కట్టలు, అంటే ఇనప పట్టీల స్ప్రింగులు, గొయ్యి వచ్చిందంటే ముందున్నవాళ్లకి కుదుపు, వెనకున్నవాళ్లకి గాల్లో ప్రయాణం. రెండు చక్రాల మధ్య సీట్లు మెత్తగా ఉంటాయి, నడుం నొప్పి ఉన్నవాళ్లు అక్కడే కూర్చోండి. నాకైతే బానెట్‌కి దగ్గరగా ఎడమ పక్క కిటికీ, రోడ్డు మొత్తం కనబడుతుంది. కాకపోతే ఇంజిన్ లోపలే ఉంటుంది కాబట్టి ఆ వేడి అంతా మనకే, ఏప్రిల్ మే నెలల్లో పదకొండు దాటితే అక్కడ కూర్చోలేరు, ఎండాకాలం పొద్దున్నే రెండు ట్రిప్పులు వేసి ఇంటికొచ్చేయడం మేలు. ముందు సీట్లు ఆడవాళ్లవి, పైన రాసే ఉంటుంది స్త్రీలను గౌరవించుట మన సాంప్రదాయం అని, వాళ్లు రాగానే లేవాలి, ఇందులో రెండో మాట లేదు. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక పల్లె వెలుగులో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం, జనం బాగా పెరిగారు, నాకు కిటికీ దొరకడం తగ్గింది. అయినా ఊళ్లలో ముసలమ్మలు ఒంటరిగా ఆస్పత్రికీ కూతురింటికీ వెళ్లొస్తున్నారంటే బస్సుకి అంతకన్నా పనేముంది, నేను నిలబడే వెళ్తాను.

రూట్ అడిగేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది ఇది. విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు. సాలూరు లారీల ఊరు, బాడీ కట్టే షెడ్లు రోడ్డు పక్కనే ఉంటాయి, దిగి టీ తాగి ఒక గంట అక్కడే తిరగండి. చెక్క ఫ్రేము మీద రేకు ఎలా కొడతారో, వంపులు ఎలా తెస్తారో చూస్తే మీరెక్కిన బస్సు మీద గౌరవం పెరుగుతుంది. ఓపిక ఉంటే అక్కణ్ణించి ఒడిశా వైపు సుంకి ఘాట్ ఎక్కే బండి పట్టుకోండి, పాత ఇంజిన్ అసలు గొంతు అక్కడే వినబడుతుంది, దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టేసి ఉంచితే గాలి అయిపోతుంది, బ్రేకు డ్రమ్ములు వేడెక్కుతాయి, అందుకే ఎక్కిన గేర్లోనే దింపుతారు. ఘాట్ వద్దనుకుంటే బొబ్బిలి మీదుగా పార్వతీపురం, అక్కణ్ణించి తోటపల్లి, వీరఘట్టం దారిలో పాలకొండ. బొబ్బిలి తప్ప ఈ ఊళ్లు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా అయ్యాయి గానీ బస్సులకి అదేం తెలీదు, బోర్డులు అవే. పాలకొండ దాకా నాగావళి పక్కనే ఉన్నట్టుంటుంది, వర్షాకాలం అయితే రెండు పక్కలా ఊడుపులు. పాలకొండలో సీతంపేట నుంచి అనాసపళ్ల బస్తాలు దిగే రోజుల్లో బస్సంతా ఆ వాసనే, ఒకామె బస్తా నా కాళ్ల మీద పెట్టేసి "కాత్త సూస్తూ ఉండు నాయనా, టికెట్టు తీసుకొచ్చేత్తాను" అని వెళ్లిపోయింది, దిగేటప్పుడు ఒక పండు చేతిలో పెట్టింది. పాలకొండ నుంచి బూర్జ, ఆమదాలవలస మీదుగా శ్రీకాకుళం. అక్కడ సాయంత్రం ఇంకా వెలుగుంటే గార మీదుగా కళింగపట్నం బండి కూడా బాగుంటుంది, సముద్రం గాలికి రేకులు త్వరగా తుప్పు పడతాయి, ఆ రూట్లో తిరిగే బండ్లని కింద ఒకసారి వంగి చూడండి.

ఇంకొకటి, నైట్ హాల్ట్ బండ్లు. రాత్రి ఆఖరి ట్రిప్పుకి ఊరికి పోయి అక్కడే పడుకుని తెల్లారగానే మొదటి ట్రిప్పుగా బయల్దేరేవి. డ్రైవర్ కండక్టర్ ఆ ఊళ్లోనే నిద్ర. చుట్టం ఉన్న ఊరైతే ఒకసారి రాత్రి అందులో వెళ్లి పొద్దున అదే బండిలో రండి, బస్సు ఊళ్లో మనిషి అయిపోవడం కనబడుతుంది.

కొత్త బండ్లని తిట్టడం నాకు నచ్చదు. బీఎస్ 6 ఇంజిన్లు 2020 ఏప్రిల్ నుంచి వచ్చాయి, పొగ తక్కువ, చప్పుడు తక్కువ, పవర్ స్టీరింగ్‌తో డ్రైవర్ల భుజాలు బతికాయి. పవర్ స్టీరింగ్ లేని రోజుల్లో కాంప్లెక్స్‌లో బండి వెనక్కి తిప్పాలంటే మనిషి సీట్లోంచి లేచి తిప్పాల్సొచ్చేది, రిటైరైన డ్రైవర్లని అడిగితే మెడనొప్పి గురించే చెప్తారు. రోజూ జనాన్ని మోసే పనికి పాతవి పోవాల్సిందే, ఇందులో నాకు అనుమానం లేదు. నేనడిగేది ఒక్కటే, అన్నీ తుక్కుకి వెయ్యకండి. హైదరాబాద్ బస్ భవన్‌లో 1932 నాటి అల్బియన్ బస్సు ఒకటి దాచారు, చాలా మంచి పని. కానీ నేను పెరిగిన బస్సు అల్బియన్ కాదు, లేలాండ్. విజయనగరంలో జోనల్ వర్క్‌షాప్ ఉంది, వాటిని విప్పి బిగించిన చేతులు ఇంకా ఇక్కడే ఉన్నాయి, సాలూరులో రేకు కొట్టేవాళ్లున్నారు. ఒక్క ముందు ఇంజిన్ లేలాండ్‌ని ఎర్ర రంగు వేసి, తాడు లాగితే డ్రైవర్ దగ్గర మోగే గంట పెట్టి, చేత్తో రాసిన రేకు బోర్డు కట్టి ఉంచితే చాలు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో ఊరిచుట్టూ తిప్పండి, టికెట్ ఎంత పెట్టినా మొదటి సీటు నాది.

వెళ్లాలనుకునేవాళ్లకి ఆఖరి మాటలు. చిల్లర పట్టుకెళ్లండి, ఎక్కగానే డ్రైవర్‌ని ఫోటో తీయకండి, ముందు రెండు మాటలు మాట్లాడండి. నడిచే బండిలో డ్రైవర్‌తో మాటలు వద్దు, నాతో మాట్లాడినాయన తనంతట తనే మాట్లాడాడు కాబట్టి సరిపోయింది. కాంప్లెక్స్‌లో ఎంక్వైరీలో పాత బండి ఏదని అడిగితే వింతగా చూస్తారు, గ్యారేజీ వైపు నుంచి వచ్చే చప్పుడు వినడం అలవాటు చేసుకోండి. శ్రీకాకుళంలో చీకటి పడ్డాక పల్లె వెలుగు కోసం కూర్చోకుండా రణస్థలం, నాతవలస మీదుగా విజయనగరం వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎక్కేయండి, అప్పటికి నడుం కూడా అదే అడుగుతుంది.