ఊరి గ్రంథాలయానికి గూగుల్ డ్రైవ్: నాలుగేళ్ళు వాడాక

శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె గ్రంథాలయం కోసం పదో తరగతి నోట్సు, డీఎస్సీ, గ్రూప్-2 బిట్లు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ ఒకే డ్రైవ్ ఖాతాలో పెట్టి నాలుగేళ్ళుగా నడుపుతున్నాం. ఐదుకి నాలుగు మార్కులు వేస్తాం. వాట్సాప్ గ్రూపులో వేసిన ఫైలు వారం తిరిగేసరికి మెసేజ్‌ల అడుగున పడిపోతుంది, కొత్తగా చేరినవాళ్ళకి కనబడనే కనబడదు. డ్రైవ్‌లో పెట్టింది పెట్టిన చోటే ఉంటుంది. కాకపోతే ఉండడం వేరు, వెతికితే దొరకడం వేరు. కష్టపడాల్సిందంతా ఆ రెండోదానికే.

ముందు జాగా సంగతి. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, జీమెయిల్‌కీ ఫొటోలకీ కూడా అందులోంచే పోతుంది. కాబట్టి దీనికని వేరే ఖాతా తెరిచి, ఆ ఖాతాలో ఫొటోల బ్యాకప్ ఆపేయండి. యాప్‌లో ఉన్న స్కాన్‌తో నలుపు-తెలుపులో తీస్తే పేజీ సుమారు 300 కేబీ, వంద పేజీల నోట్సు 30 ఎంబీ. అలాంటివి ఐదొందలు పడతాయి. అదే కెమెరాతో మామూలు ఫొటోలు తీసి ఎక్కిస్తే పేజీకి మూడు నాలుగు ఎంబీ అవుతుంది, నలభై నోట్సులకే నిండిపోతుంది.

అసలు చిక్కు తెలుగు అక్షరాలతో. కోచింగ్ మెటీరియల్లో చాలావరకు డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టి పీడీఎఫ్ చేసినదే. కంటికి చక్కటి తెలుగు, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల కోడ్ల మీద కూర్చోబెట్టిన బొమ్మలు. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. పిచ్చి గుర్తులు వస్తే అది అను ఫైలు. అందులో ‘వంశధార’ అని ఎంత వెతికినా దొరకదు. యూనికోడ్‌లో (ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తుపట్టే అక్షరాల కోడ్) కొట్టిన ఫైలైతే వెంటనే దొరుకుతుంది.

దీనికి విరుగుడు డ్రైవ్‌లోనే ఉంది, కానీ కంప్యూటర్ మీదే చెయ్యాలి. అను పీడీఎఫ్ పేజీని 300 డీపీఐలో బొమ్మగా మార్చి ఎక్కించండి. దాని మీద రైట్ క్లిక్ కొట్టి ‘ఓపెన్ విత్’లో గూగుల్ డాక్స్ ఎంచుకుంటే, అక్షరాలు చదివి కింద టైపు చేసి ఇస్తుంది. ఫైలు 2 ఎంబీ లోపు ఉండాలి, పేజీ తలకిందులుగానో అడ్డంగానో ఉండకూడదు. అచ్చు బాగుంటే తెలుగు బాగానే చదువుతుంది. తప్పులు వచ్చే చోట్లు తెలిసినవే: ‘మ’కి ‘వు’, ‘ప’కి ‘వ’, ‘ధ’కి ‘థ’, జారిపోయిన ఒత్తులు. రెండు కాలమ్‌ల పేజీని నిలువునా కోసి విడివిడిగా ఇవ్వండి, లేకపోతే ఎడమ వరుసా కుడి వరుసా కలగలిసిపోతాయి. పట్టికలైతే చేత్తో కొట్టుకోవడమే నయం. ఈ పని ఫోన్ యాప్‌లో కుదరకపోవడం వల్లే ఒక మార్కు తగ్గించాం. పల్లెల్లో అందరి చేతిలో ఉన్నది ఫోనే కదా.

ఫైలు పేరు తెలుగులోనే రాయండి. ఇంగ్లీషు అక్షరాల్లో ‘వంశధార’ని ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాస్తారు, వెతికేవాళ్ళు మూడోలా కొడతారు. పేరులో ఏముండాలన్నదానికి మన జిల్లాలోనే మంచి నమూనా ఉంది. 1997లో కథకులు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) శ్రీకాకుళంలో పెట్టిన కథల గ్రంథాలయం, కథానిలయం, కథ పేరు, రచయిత, పత్రిక, తేదీ పట్టుకుని వేల కథల్ని దారిలో పెట్టింది. మేం వాడే వరుస: సబ్జెక్టు, పాఠం, రాసినవారు, ఏడాది-నెల. నెలలు 01, 02 అని రెండంకెల్లో వెయ్యాలి, లేకపోతే కొన్ని ఫోన్లలో 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది.

తప్పులు దిద్దిన జవాబుల ‘కీ’ని కొత్త ఫైలుగా ఎక్కించొద్దు. పాతదాని మీదే ‘మేనేజ్ వెర్షన్స్’లోకి వెళ్ళి కొత్త ప్రతి పెడితే లింకు మారదు. గోడకి అంటించిన క్యూఆర్ కాగితమూ అలాగే పనిచేస్తుంది. మాకు బాగా ఉపయోగపడింది ఇదే. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’ అని నాలుగు కీలు తిరిగి పిల్లలు తప్పు జవాబు బట్టీపట్టే బెడద తప్పింది. క్యూఆర్‌ని క్రోమ్‌లోనే తీసుకోండి. ‘ఉచితం’ అనే కొన్ని సైట్లు తమ లింకు మీదుగా తిప్పి, గడువయ్యాక ఆపేస్తాయి.

షేరింగ్‌లో ‘లింకు ఉన్న ఎవరైనా’, ‘వ్యూయర్’ చాలు. ఎడిటర్లు ఇద్దరికి మించొద్దు. పంతులుగారు మన ఫోల్డర్లో వేసిన ఫైలు వారిదే. వారు చెరిపినా, వారి కాలేజీ ఖాతా మూసేసినా అందరికీ పోతుంది. అందుకని రాగానే మన ఖాతా నుంచి ‘మేక్ ఎ కాపీ’ కొట్టండి, ఆ కాపీ మనదవుతుంది. రెండేళ్ళపాటు ఎవరూ తెరవని ఖాతాని గూగుల్ తీసేయవచ్చు, కాబట్టి అప్పుడప్పుడూ తెరుస్తూ ఉండండి. పాస్‌వర్డ్ మర్చిపోయినా తెరవగలిగేలా రికవరీ నంబరుగా నడుస్తున్న సిమ్మే ఇవ్వండి.

ఇక నెట్ లేని రోజులు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే అలాంటప్పుడు చేతిలో ఏమీ ఉండదు. మూడు నెలలకోసారి మొత్తం ఫోల్డర్ దించి 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో పెడతాం. పెద్ద ఫోల్డర్ ఒకటి కంటే ఎక్కువ జిప్‌లుగా వస్తుంది. అన్నీ వచ్చాయో లేదో లెక్క చూసుకుని, ఒకే చోట విప్పాలి. ఒక్క జిప్ తప్పినా మధ్యలో పాఠాలు మాయమవుతాయి, ఆ సంగతి ఎవరో అడిగేదాకా తెలీదు.