ఇంటి సీఎన్‌సీ కార్వింగ్ మెషీన్: బెల్టా స్క్రూనా, రూటరా స్పిండిలా... ఏది మేలు?

మహారాష్ట్రలోని మా గడ్చిరోలి జిల్లాలో సిరోంచ, అహేరి, ఆలాపల్లి వైపు టేకుకు కొదవ లేదు. 2023లో అయోధ్య రామాలయం తలుపులకు టేకు వెళ్లింది మా పక్క చంద్రపూర్ జిల్లా నుంచే. కొదవంతా మెషీన్ విడిభాగాలకే. ఇంట్లో చిన్న సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే మెషీన్ పెట్టుకుని నేమ్‌ప్లేట్లు, పూజామందిరం రెక్కలు, తాన్హా పోళా పండక్కి పిల్లలు లాగే చెక్క ఎద్దులు చేద్దామనుకునేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. మోటారును స్క్రూకు కలిపే ఒక కప్లింగ్ పోతే ప్రాణహిత వంతెన దాటి, చెన్నూరు మీదుగా మంచిర్యాల దాకా పోవాలి. అక్కడా దొరుకుతుందని నమ్మకం లేదు. కొరియర్ వచ్చేదాకా మెషీన్ మీద బట్ట కప్పి కూర్చోవాల్సిందే. కాబట్టి వీడియోల్లో చెప్పే వేగం, ఖచ్చితత్వం లెక్కలు మనకు సగమే పనికొస్తాయి. చెడిపోతే ఊళ్లోనే బాగవుతుందా అన్నది మిగతా సగం. నేను ఏది మేలన్నా ఆ లెక్కనే అంటున్నాను.

ముందు బెల్టు, స్క్రూ సంగతి. 3018 పేరుతో అమ్మే చిన్న మెషీన్లలో పని జాగా 300 × 180 మిల్లీమీటర్లు. వాటిలో మూడు యాక్సిస్‌లకూ (కదిలే దిశలు: ఎక్స్, వై బల్ల మీద, జెడ్ పైకీ కిందికీ) లీడ్ స్క్రూలే, అంటే తిరుగుతూ నట్టును జరిపే పొడవాటి మరలే ఉంటాయి. రెండడుగులు దాటిన హాబీ మెషీన్లు కొన్నింటిలో ఎక్స్, వైలకు పళ్ల బెల్టు, జెడ్‌కు మాత్రం స్క్రూ. బెల్టుకు నూనె అక్కర్లేదు, టేకు పొట్టు పడితే బ్రష్‌తో దులిపితే చాలు. వేగంగా నడుస్తుంది. కానీ గట్టి చెక్కలో లోతుగా దించితే సాగుతుంది, వదులైతే పన్ను దాటేస్తుంది. స్క్రూ నెమ్మది, అయితే నెట్టుడు గట్టిది. దాని రోగం ఇత్తడి నట్టు అరగడం. నట్టు అరిగితే దిశ మారిన ప్రతిసారీ కొంచెం ఖాళీగా తిరిగి, ఆ తర్వాతే కదులుతుంది. దాన్నే బ్యాక్‌లాష్ అంటారు.

ఈ రోగాలు కనిపెట్టడానికి మన దగ్గర వేరే పరికరం అక్కర్లేదు, రెండు లిపుల నేమ్‌ప్లేట్ చాలు. ఇక్కడ ఇంటి ముందు పేరు మరాఠీలో, తెలుగులో రెండింట్లో రాయించుకునేవాళ్లు ఉన్నారు. తెలుగు అక్షరాలు గుండ్రం. ‘ఠ’నో సున్నానో చెక్కి దగ్గరగా చూడండి. పైన, కింద, ఎడమ, కుడి వైపుల్లో వంపు కొద్దిగా చదునైతే అది బ్యాక్‌లాష్, లేదా వదులు బెల్టు. యాక్సిస్ దిశ మారేది సరిగ్గా ఆ నాలుగు చోట్లే. మరాఠీ అక్షరాల మీది తలగీత దీనికి పనికిరాదు, అది నేరుగా పోతుంది కదా. ఆ గీత ఇంకోటి పట్టిస్తుంది. ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా వచ్చిందంటే చెక్కయినా కింది బల్లయినా సమంగా లేదు. 90 డిగ్రీల వీ బిట్ (వీ ఆకారపు మొన ఉండేది) 0.2 మిల్లీమీటర్లు ఎక్కువ దిగితే గీత 0.4 మిల్లీమీటర్లు లావవుతుంది. 60 డిగ్రీల బిట్‌కు అదే తేడా 0.23 దగ్గరే ఆగుతుంది. బల్ల సరిగా లేనన్నాళ్లూ 60 డిగ్రీల బిట్టే నయం.

డిజైన్ సగం బాగా వచ్చి, అక్కణ్నుంచి మొత్తంగా పక్కకు జరిగితే అది బ్యాక్‌లాష్ కాదు, స్టెప్పులు పోయాయి, అంటే మోటారు వేయాల్సిన చిన్న అడుగుల్లో కొన్ని కదలికగా మారలేదు. అప్పుడు చాలామంది మోటారునో దాన్ని తిప్పే డ్రైవర్ బోర్డునో అనుమానిస్తారు. ముందు చూడాల్సింది కప్లింగ్‌లోని గ్రబ్ స్క్రూ, అదే తల లేని చిన్న అలెన్ స్క్రూ. మోటారు షాఫ్ట్, కప్లింగ్, లీడ్ స్క్రూ మూడింటి మీదుగా పర్మనెంట్ మార్కర్‌తో ఒకే గీత గీసి పని నడపండి. అయ్యాక గీత రెండు ముక్కలై కనిపిస్తే జారింది అక్కడే. షాఫ్ట్‌కు చదును చేసిన వైపు ఉంటే స్క్రూ దాని మీదికే వచ్చేలా తిప్పి, నీలం రంగు థ్రెడ్‌లాక్ చుక్క వేసి బిగిస్తే మళ్లీ వదలదు. బెల్టు మెషీన్‌లో ఇదే స్క్రూ పుల్లీకి ఉంటుంది, ఇదే మందు.

కొలత తప్పితే వెంటనే కంట్రోలర్‌లోని $100, $101 సెట్టింగుల్లో (ఎక్స్, వైలకు మిల్లీమీటరుకు ఎన్ని స్టెప్పులో చెప్పేవి) వేలు పెట్టకండి. 20 పళ్ల పుల్లీతో జీటీ2 బెల్టు (పన్నుకూ పన్నుకూ మధ్య 2 మిల్లీమీటర్లు) ఒక చుట్టుకు 40 మిల్లీమీటర్లు జరుగుతుంది. చుట్టుకు 200 స్టెప్పుల మోటారు, ఒక్కో స్టెప్పును ఎనిమిది ముక్కలు చేసే మైక్రోస్టెప్ అయితే మిల్లీమీటరుకు 40 స్టెప్పులు రావాలి. చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిగే లీడ్ స్క్రూకు అయితే 200. ఉన్న అంకెను అడిగిన కొలతతో గుణించి, వచ్చిన కొలతతో భాగిస్తే కొత్త అంకె వస్తుంది. ఆ కొత్త అంకె 40కో 200కో బాగా దూరంగా ఉందంటే తప్పు సెట్టింగ్‌ది కాదు, ఎక్కడో జారుతోంది. జారుడును అంకెతో సరిదిద్దితే రేపు ఇంకో కొలత తప్పుతుంది.

కందెన విషయంలో ఒక్కటే మాట. బయటికి కనిపించే లీడ్ స్క్రూకు చిక్కటి గ్రీజు పూయవద్దు. టేకులో సహజంగానే సిలికా ఉంటుంది. ఆ పొడి గ్రీజులో కలిస్తే నట్టును అరగదీసే ముద్దే. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కుట్టుమిషన్ నూనె పట్టించి, గుడ్డతో తుడిచేయండి. స్టీల్ రైలు మీద నడిచే బ్లాకులు వేరు, వాటికి నిపుల్ ద్వారా లిథియం గ్రీజే ఎక్కించాలి.

నా ఓటు: చిన్న మెషీన్‌కు లీడ్ స్క్రూ, పెద్దదానికి బెల్టు. బెల్టు ఒకటి రెండు మీటర్లు ఎక్కువ తెప్పించి డబ్బాలో పడేస్తే కత్తెరతో కోసి మీరే మార్చుకోవచ్చు. నట్టులో ఉక్కు గోలీల మీద నడిచే బాల్ స్క్రూ గొప్పదే, కానీ దాని నట్టులోకి పొట్టు పోయి గోలీలు బయటపడితే ఇంట్లో మళ్లీ కూర్చే పని కాదు. రోజూ ఆర్డర్లుండి, మెషీన్ మీదే ఇల్లు గడిచేవాళ్లకే అది.

ఇక చెక్కను కోసే మోటారు. వడ్రంగులు వాడే ట్రిమ్ రూటర్‌ను క్లాంపులో బిగించడం ఒక పద్ధతి. వాటర్ కూల్డ్ స్పిండిల్ మోటారు, దాని వేగం మార్చే వీఎఫ్‌డీ డబ్బా పెట్టడం రెండోది. మా వీధి వడ్లాయనను అడిగితే ఆలోచించకుండా చెప్పాడు: “రూటర్ పెట్టు తమ్మీ, బొగ్గులు పోతే నా దగ్గర తీసుకపో.” ఆ ఒక్క మాటలో సగం తీర్పు ఉంది. కార్బన్ బ్రష్‌లు అరిగితే రూటర్ ఆగుతూ నడుస్తుంది, లోపల మెరుపులు ఎక్కువవుతాయి. కొంచెం పెద్ద బ్రష్ దొరికినా గరుకు కాగితం మీద రుద్ది సరిపెట్టుకోవచ్చు. రూటర్ లోపాలు మాత్రం చిన్నవేం కావు. చప్పుడు ఇంటిల్లిపాదికీ వినిపిస్తుంది. చాలావాటికి కనీస వేగమే నిమిషానికి పదివేల చుట్ల దగ్గర మొదలవుతుంది. ఆ వేగంలో ఫీడ్ (బిట్ ముందుకు జరిగే వేగం) తక్కువ పెడితే టేకు కోసుకుపోదు, మాడుతుంది. కింద పడేది రజనులా ఉండకూడదు, చిన్న చిన్న పెచ్చుల్లా ఉండాలి. రెండు అంచుల బిట్, 10,000 చుట్లు, అంచుకు 0.05 మిల్లీమీటర్లు అనుకుంటే ఫీడ్ నిమిషానికి 1,000 మిల్లీమీటర్లు వస్తుంది. మెషీన్ వణికితే ఫీడ్ అలాగే ఉంచి లోతు తగ్గించండి.

స్పిండిల్ హాయిగా, చప్పుడు లేకుండా నడుస్తుంది. బిట్‌ను చుట్టూ సమంగా పట్టే ఈఆర్ కాలెట్ కాబట్టి బిట్ ఊగదు. కానీ ఇది బతికేది నీళ్ల మీద. మా మే నెల ఎండకు బకెట్లో నీళ్లు పొద్దెక్కేసరికే వేడెక్కుతాయి. నాచు పట్టి పంపు ఆగితే స్పిండిల్ మాడేదాకా బయటికి ఏమీ తెలియదు. వెనక్కి వచ్చే గొట్టం బకెట్లో ముంచకుండా పైనుంచి ధార కనిపించేలా వదలడం కనీస జాగ్రత్త. 24,000 చుట్ల స్పిండిల్‌కు వీఎఫ్‌డీలో బేస్ ఫ్రీక్వెన్సీ 400 హెర్ట్జ్ ఉండాలి. కొత్త డబ్బాలో అది 50గానే ఉండిపోయి, చూడకుండా స్విచ్ వేస్తే వైండింగ్ పోతుంది. పోయిన వైండింగ్‌ను బోరు మోటార్లు కట్టే షాపుకు తీసుకెళ్తే తల అడ్డంగా ఊపుతారు.

ఇంకో తలనొప్పి ఎర్త్. వీఎఫ్‌డీ నడుస్తుంటే ఏ స్విచ్చూ తగలకుండానే అలారం 1 వచ్చి మెషీన్ ఆగుతుందా? అది యాక్సిస్ చివర తగిలితే మెషీన్‌ను ఆపే లిమిట్ స్విచ్ వైర్లలోకి దూరిన ఎలక్ట్రికల్ నాయిస్. స్పిండిల్ కేబుల్‌ను షీల్డ్ ఉన్నదానితో మార్చి, లిమిట్ వైర్లకు దూరంగా లాగి, స్విచ్ పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే చాలావరకు పోతుంది. ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటే మాత్రం ఇవేవీ పూర్తిగా పనిచేయవు, ఎండాకాలం దాంట్లో నీళ్లు పోస్తూ ఉండాలి. మొత్తమ్మీద ఇంట్లో తీరిక పనికి రూటరే మేలు, రోజంతా నడిపేవాళ్లకు స్పిండిల్.

మూడోది, మెషీన్‌ను నడిపించేది ఎవరు? యూఎస్‌బీతో ల్యాప్‌టాపా, ఎస్‌డీ కార్డు పెట్టే ఆఫ్‌లైన్ కంట్రోలరా, చేతిలో పట్టుకునే డీఎస్పీ కంట్రోలరా? ల్యాప్‌టాప్‌లో పని తెర మీద కనిపిస్తుంది, తప్పు వెంటనే తెలుస్తుంది. నేర్చుకునే దశలో అదే మేలు. కానీ విండోస్ నిద్రపోతే, అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అయితే, యూఎస్‌బీకి పవర్ సేవింగ్ ఆన్‌లో ఉంటే పని మధ్యలో తెగుతుంది. ముందు ఈ సెట్టింగులు ఆపి, నాయిస్‌ను ఆపే ఫెరైట్ గడ్డ ఉన్న పొట్టి కేబుల్ వాడండి. ఆఫ్‌లైన్ కంట్రోలర్‌కు ఈ టెన్షన్ లేదు, కార్డు ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ అయి ఉంటే చాలు. కానీ కరెంటు పోతే పని ఎక్కడ ఆగిందో చాలావాటికి గుర్తుండదు. డీఎస్పీల్లో ఆగిన చోటు దాచుకుని, అక్కణ్నుంచి మళ్లీ మొదలుపెట్టేవి ఉన్నాయి. ధర ఎక్కువ.

కరెంటు మాట వచ్చింది కాబట్టి: కంట్రోలర్‌ను యూపీఎస్ మీద, రూటర్‌ను నేరుగా గోడ సాకెట్‌లో... ఇలా వేరువేరుగా పెట్టకండి. కరెంటు పోగానే రూటర్ ఆగుతుంది, యాక్సిస్‌లు మాత్రం తిరగని బిట్‌ను చెక్కలో ఈడ్చుకుపోతాయి. బిట్ విరగడం ఖాయం. అన్నీ ఒకే లైన్ మీద ఉండాలి, ఆగితే కలిసి ఆగాలి. ఆ లైన్‌కు మోటారుకు తగిన సైజులో పచ్చ, ఎర్ర బటన్ల స్టార్టర్ పెట్టించండి. బోరు మోటార్లకు పెట్టే రకమే, ఎలక్ట్రీషియన్‌కు చెబితే తెలుస్తుంది. జారుడు స్విచ్ ఉన్న రూటర్ కరెంటు రాగానే దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది, అప్పటికి మన చెయ్యి బిట్ దగ్గర ఉండొచ్చు. స్టార్టర్ ఉంటే పచ్చ బటన్ నొక్కేదాకా కదలదు.

డీఎస్పీ కొనే స్తోమత లేకపోయినా ఆగిన పనిని బతికించుకోవచ్చు. దానికి హోమింగ్ చేసే, అంటే మెషీన్‌ను దాని మూలకు తెచ్చి చోటు గుర్తుపట్టించే మూడు లిమిట్ స్విచ్‌లు కావాలి. ఇలాంటి కంట్రోలర్లను నడిపే జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్‌లో జీ54 సున్నా (పని మొదలయ్యే చోటు) కరెంటు పోయినా మెమరీలో నిలుస్తుంది, జీ92తో పెట్టిన సున్నా నిలవదు. బిగించిన చెక్కను కదపకుండా హోమింగ్ చేసి జీ54కు పోతే బిట్ పాత చోటికే వస్తుంది. బిట్ మార్చి ఉంటే జెడ్ మళ్లీ పెట్టుకోవాలి. ఆ తర్వాత ఫైల్‌లో ఆగిన లైన్‌కు కొంచెం ముందు నుంచి నడిపించొచ్చు, మొదట్లోని యూనిట్లు, వేగం చెప్పే లైన్లు మాత్రం తీసేయకూడదు. మూడు మైక్రోస్విచ్‌ల ఖర్చు ఒక మంచి వీ బిట్ కన్నా తక్కువే. డీఎస్పీ సంగతి అవి పెట్టాక చూడొచ్చు.